నునుపుకీ చదునుకీ మధ్య

గొడవంతా ఒక్క మాట దగ్గర వచ్చింది. కోడలు "నున్నగా" అని అడిగింది, మామగారు నున్నగానే చేసిపెట్టాడు. ఇందులో తప్పెవరిదని ఇవాళ అడిగితే ఇద్దరూ నాదంటే నాదంటారు గానీ, ఆ శనివారం పొద్దున మాత్రం ఇద్దరికీ నోరు పెగల్లేదు.

మామగారిని బజారులో అందరూ "అద్దం మామ" అనేవాళ్లు. తలుపు పిడులు, కుళాయిలు, ఆటల పోటీల్లో ఇచ్చే కప్పులు, ఏదైనా సరే ఆయన గుడ్డ చక్రం మీద పట్టి మెరుగు పెట్టాడంటే అందులో చూసుకుని తల దువ్వుకోవచ్చు. నలభై ఏళ్లు అదే పని. మోకాళ్లు మొరాయించాక కొట్టు మూసేసి, చక్రం ఒకటి తెచ్చి వెనక వరండాలో బిగించుకున్నాడు. బిగించుకున్నాడే గానీ దానికి మేత లేదు. ఇంట్లో చెంచాలన్నీ ఇప్పటికే రెండేసిసార్లు మెరిశాయి. మూడోసారి పట్టబోతే కొడుకు, "నాన్నా, ఇంకో నెలకి చెంచా బదులు పుల్ల మిగుల్తుంది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆయనకి మాత్రం రెండు రోజులు అన్నం సయించలేదు.

అలాంటిది శుక్రవారం సాయంత్రం కోడలే వరండాలోకి వచ్చి, అరచేతిలో పట్టని ఒక లోహపు దిమ్మని ఆయన ముందు పెట్టింది. సన్నటి రేకులు దొంతరగా పేర్చినట్టుంది. అడుగున అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద పలక.

"మామయ్యా, దీన్ని హీట్‌సింక్ అంటారు. కంప్యూటర్‌లో ప్రాసెసర్ మీద కూర్చుని దాని వేడి లాగేస్తుంది. ఈ అడుగు చూడండి, గీతలు గీతలుగా ఉంది. ఇది నున్నగా ఉంటే బాగా అంటుకుంటుందట. కొంచెం చేసిపెడతారా?"

చేసిపెడతారా అని అడగడం కూడానా! ఆయన టీ కూడా తాగకుండా చక్రం ముందు కూర్చున్నాడు. గంటన్నర తర్వాత దిమ్మ తెచ్చి ఇస్తే కోడలు అందులో తన ముక్కుపుడక చూసుకుని, "అబ్బ, ఎంత బాగుందో!" అంది. ఆ రాత్రి ఆయనకి హాయిగా నిద్రపట్టింది.

కోడలి సంగతీ చెప్పాలి. ఆమె కంప్యూటర్‌లో కదిలే బొమ్మలు చేస్తుంది. అంతకు ముందు ఒక టైల్స్ కంపెనీలో ఉండేది. నాలుగేళ్లూ స్నానాల గదుల బొమ్మలే గీసి, "ఇంకో బక్కెట్టు గీస్తే నాకు పిచ్చెక్కుతుంది" అని మానేసి వచ్చింది. ఇప్పుడు వినబడని పిల్లల బడి ఒకటి ఆమెని నమూనా అడిగింది. పది మాటలు. ఒక్కో మాటనీ బొమ్మ మొహం మెల్లగా పలకాలి, పెదవులూ నాలుకా ఎలా కదుల్తాయో పిల్లలు చూసి పోల్చుకోవాలి. నచ్చితే ఏడాది పొడవునా పాఠాలన్నీ ఆమెవే. నచ్చకపోయినా, శనివారం సాయంత్రం ఐదుకల్లా అందకపోయినా, సోమవారం నుంచి మళ్లీ బక్కెట్లే. టైల్స్ కంపెనీ వాళ్లు రమ్మని మెయిల్ పంపారు, అదే సాయంత్రంలోగా అవునో కాదో చెప్పమన్నారు.

పెదవుల కదలికలు దిద్దడం శనివారం పొద్దుటికి గానీ తేలేలా లేదు. ఆ తర్వాత కంప్యూటర్ ఆ పది మాటలనీ వీడియోగా అచ్చుతీయాలి. మామూలు వేగంలో అయితే తొమ్మిది గంటలు, ఐదు దాటే ప్రమాదం. అందుకే ఆమె ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేసింది, అంటే దాని స్తోమతకి మించి పరిగెత్తించింది. అలా అయితే నాలుగే గంటలు. కాకపోతే పరిగెత్తేవాడికి ఒళ్లు కాలుతుంది కదా, ఆ వేడి లాగడానికే ఈ హీట్‌సింక్ తిప్పలన్నీ.

శనివారం ఎనిమిదింటికి అంతా బిగించి మొదలుపెట్టింది. తెర మీద ఒక మూల వేడి అంకె కనబడుతోంది. డెబ్బై, ఎనభై, తొంభై. తొంభై ఎనిమిది దగ్గర తెర ఠక్కున నల్లబడింది.

"పేస్ట్ చాల్లేదేమో" అంది కోడలు. హీట్‌సింక్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య సందులు పూడ్చే బూడిదరంగు ముద్ద ఒకటుంటుంది, దాన్ని ఇంకాస్త పూసింది. మళ్లీ నల్లబడింది. పక్క తలుపు ఊడదీసి టేబుల్ ఫ్యాను తిప్పి పెట్టింది. మళ్లీ అంతే. విచిత్రం ఏమిటంటే నిన్న పరీక్షకి నడిపినప్పుడు, గీతల అడుగుతో ఉన్నప్పుడే నయం, తొంభై రెండు దాటలేదు. ఆ మాట కోడలు పైకి అనలేదు. నిన్న దిమ్మ ఇస్తూ ఆమే చెప్పిన ఆ అంకె ఆయనకి మాత్రం గుర్తుంది.

పదకొండు దాటాక ఆమె మూడోసారి హీట్‌సింక్ ఊడదీసి బల్ల మీద వెల్లకిలా పెట్టి, దుకాణం వాడికి ఫోన్ చేయడానికి ముందు గదిలోకి వెళ్లింది. అద్దం మామ వంగి చూశాడు. పలక మధ్యలో ముద్ద పూర్తిగా నలిగి లోహం కనబడుతోంది. అంచుల దగ్గర మాత్రం పూసింది పూసినట్టే దళసరిగా ఉంది.

పలకని గుడ్డతో తుడిచి, జేబులోని ఉక్కు స్కేలు దాని మీద నిలబెట్టి కిటికీ వైపు ఎత్తి పట్టాడు. మధ్యలో స్కేలు ఆనింది. రెండు చివర్లా సన్నటి వెలుతురు.

అంచు కోయకూడదు. మెరుగు పనిలో చేరిన మొదటి రోజున నేర్పే మాట అది. పిడి పట్టుకున్నవాడి చెయ్యి తెగకూడదు కాబట్టి, చక్రం మీద పట్టగానే మణికట్టు దానంతటదే తిరిగి అంచుని గుండ్రం చేస్తుంది. ఈ చేతులకి ఇంకొకటి తెలీదు. పలక అద్దంలా ఉంది నిజమే, కానీ బోర్లించిన మూకుడులా పొంగి ఉంది. ప్రాసెసర్‌ని నడుమ చుక్కంత మేర తాకి, మిగతాదంతా గాల్లో తేలుతోంది. నునుపే తప్ప చదును లేదు. పిల్ల బతుకుతెరువుని తన చేత్తో అరగదీసి, పైగా మెచ్చుకోలు కూడా పుచ్చుకున్నాడు.

చెప్పాలి. లోపలికి వెళ్లి చెప్పెయ్యాలి. ఆయన గుమ్మం దాకా వెళ్లాడు.

"తెలీదండీ, పేస్ట్‌లోనే లోపమేమో" అంటోంది కోడలు ఫోన్లో. "కాదండీ, మా మామయ్యగారు స్వయంగా మెరుగు పెట్టారు. ఆ వైపు నుంచి ఏ లోపమూ ఉండదు."

ఆ మాట విన్నాక ఆయన కాళ్లు వెనక్కి తిరిగాయి. వరండాలో పీట మీద కూర్చున్నాడు. సిగ్గు. అరవై ఎనిమిదేళ్ల మనిషికి చెవులు వేడెక్కేంత సిగ్గు. ఇంట్లో ఇన్నాళ్లకి ఒక పని అడిగారు, అదీ తగలేశాడు. ఇక ఎవరు అడుగుతారు? దుకాణం వాడు కొత్తది పంపుతాడేమోలే, అని ఒక ఆశ. పేస్టే కారణమేమోలే, అని ఇంకో ఆశ. రెండూ అబద్ధమని స్కేలు చెప్పింది కదా! చేతులు ఒడిలో పెట్టుకుని అవి ఎవరివో అన్నట్టు చూస్తూ కూర్చున్నాడు. లోపల కోడలికి కొడుకు దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. "సరే... ఆ... పోనీ వస్తానని టైల్స్ వాళ్లకి చెప్పేస్తాలే" అంటున్న కోడలి గొంతు వినబడింది.

అప్పుడు లేచాడు. గోడ గడియారం పదకొండూ నలభై.

"అమ్మా, తప్పు నాది" అన్నాడు గుమ్మంలోనే. "నేను దాన్ని గుండ్రం చేసేశాను. నున్నగా ఉంది గానీ చదునుగా లేదు. మధ్యలోనే ఆనుతోంది." స్కేలు పెట్టి చూపించాడు.

కోడలు వెలుతురు చూసింది. ఏడుస్తుందేమో, కసురుతుందేమో అనుకున్నాడు ఆయన.

"బాగవుతుందా?" అంది.

"అవుతుంది. గంట పైనే పడుతుంది."

"పదండి మరి."

బీరువా అద్దం విప్పి నేల మీద పడుకోబెట్టారు. ఇంట్లో దానికంటే చదునైంది ఇంకొకటి లేదు. నీళ్లు చల్లి రుద్దే నల్లటి ఉప్పుకాగితం దాని మీద అంటించారు. మెరుస్తున్న పలక మీద కోడలు నల్ల పెన్నుతో అడ్డంగా నిలువుగా గీతలు కొట్టింది. సిరా ఎక్కడ పోతే అక్కడ ఆనుతున్నట్టు, అంతటా ఒక్కసారిగా పోతే చదునైనట్టు. అద్దం మామ రుద్దడం మొదలుపెట్టాడు. తన మెరుపు తన చేతి కిందే మసకబారి పోతుంటే కళ్లు తిప్పుకున్నాడు.

మధ్యలో సిరా పోయింది. మూలల్లో పోలేదు. మళ్లీ గీశారు, మళ్లీ రుద్దాడు. ఈసారి ఎడమ వైపు మాత్రమే పోయింది. ఇరవై నిమిషాలు గడిచాయి. ఆయన ఎంత బిగబట్టినా ముందుకు తోసినప్పుడల్లా మణికట్టు వాలిపోతోంది, మళ్లీ అంచు తినేస్తోంది.

"నా వల్ల కాదమ్మా" అన్నాడు, పలకని ఆమె ముందుకి జరిపి. "ఈ చేతులు మాట వినవు. నువ్వు చెయ్యి."

"నేనా? నాకేం తెలుసు మామయ్యా?"

"ఏమీ తెలీదు కాబట్టే చెయ్యమంటున్నాను. నొక్కకు. వేళ్లు ఊరికే ఆనించు, దాని బరువే పని చేస్తుంది. నీ వైపు లాగు, అంతే. తోసేటప్పుడు ఎత్తు. పదిసార్లు లాగాక పావు వంతు తిప్పు."

ఆమె లాగింది. ఆయన పక్కన గొంతుక్కూర్చుని నీళ్లు చల్లుతూ, "నొక్కుతున్నావ్... ఆ, ఇప్పుడు బాగుంది... తిప్పు" అంటూ వచ్చాడు. నికెల్ పూత పోయి ఎర్రటి రాగి బయటపడింది. రాగి మధ్యలో కనబడి, పాకి పాకి మూలల దాకా వెళ్లింది. ఆరోసారి గీసిన సిరా నాలుగు మూలలా ఒకేసారి పోయింది. స్కేలు ఎత్తి పడితే వెలుతురు లేదు. పలక మాత్రం పాత తపేలా అడుగులా మొద్దుగా, ఏ మొహమూ కనబడకుండా ఉంది. నలభై ఏళ్లలో అంత అందవికారమైన పని ఆయన చేతి మీదుగా బయటికి వెళ్లలేదు.

కడిగి, స్పిరిట్‌తో తుడిచి, ఆరబెట్టి, బియ్యపు గింజంత ముద్ద పెట్టి, మరలు ఒకటి ఈ మూల ఒకటి ఆ మూల కొంచెం కొంచెంగా బిగించి మీట నొక్కేసరికి ఒంటిగంటా ఇరవై. అంకె డెబ్బైకి ఎక్కింది. డెబ్బై నాలుగు. డెబ్బై ఆరు. అక్కడ ఆగింది. ఇద్దరూ పావుగంట సేపు కళ్లార్పకుండా చూశారు. కదల్లేదు.

కుదురుకున్నారా అంటే లేదు. ఒంటిగంటా ఇరవైకి నాలుగు గంటలు కలిపితే ఐదూ ఇరవై. ఆ లెక్క ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనలేదు. కోడలు బడికి ఫోన్ చేసి ఇంకో అరగంట అడిగింది. "ఐదింటికి పిల్లలనీ పెద్దలనీ అందరినీ కూర్చోబెడుతున్నామమ్మా, ఎంత వస్తే అంతే చూస్తాం" అంది పెద్ద టీచరు, అటూ ఇటూ కాకుండా. భోజనాలు ఎవరికీ గుర్తురాలేదు. మూడయింది, నాలుగయింది. ఒక్కో మాట ఇరవై నాలుగు నిమిషాలు తింటోంది. ఆయన కాసేపు కూర్చుంటాడు, కాసేపు తిరుగుతాడు, కంప్యూటర్ డబ్బా మీద చెయ్యి పెట్టి జ్వరం చూసినట్టు చూస్తాడు.

నాలుగున్నరకి ఇక ఉగ్గబట్టుకోలేకపోయాడు.

"అమ్మా, ఇంకో సంగతి. పొద్దున నాకు పదకొండూ పదికే తెలిసిపోయింది. అరగంట నోరు మూసుకుని కూర్చున్నాను. అప్పుడే చెప్పి ఉంటే ఐదు లోపే అయిపోయేది."

కోడలు తెర మీంచి చూపు తిప్పలేదు.

"నాకు తెలుసు మామయ్యా. మీరు కిటికీ వైపు స్కేలు ఎత్తి పట్టడం ముందు గదిలోంచి చూశాను. మీ మొహం చూడగానే అర్థమైంది."

"మరి అడగలేదేం?"

"ఎలా అడుగుతాను? ఎంత సంతోషంగా చేసిచ్చారు! పాడుచేశారా అని అడిగితే మళ్లీ ఈ గదిలోకి రారని భయమేసింది. మీరే చెబుతారని ఆ ఫోన్లూ ఈ ఫోన్లూ చేస్తూ కూర్చున్నాను." "నా పనేమో పీకల మీదికొచ్చింది. నేనేమో మర్యాద చూసుకుంటూ కూర్చున్నాను."

ఒక గోడకి అటు ఒకరూ ఇటు ఒకరూ కూర్చుని, ఒకరి మనసు నొస్తుందని ఒకరు అరగంట కాలాన్ని తగలేశారన్నమాట.

నాలుగూ యాభై ఆరుకి తొమ్మిదో మాట పూర్తయింది. కోడలు తొమ్మిదీ పంపింది. "పదోది వెనకాల వస్తుంది, క్షమించండి" అని రాసింది. ఆ తర్వాత టైల్స్ కంపెనీ మెయిల్ తెరిచి, జవాబు పెట్టే చోట వేళ్లు ఆనించి ఊరుకుంది. ఆయన డబ్బా మీద చెయ్యి వేసి, కుర్చీ వెనక నిలబడిపోయాడు. ఐదయింది. ఐదూ ఐదు. ఏ కబురూ లేదు. తొమ్మిది మాటలకి ఎవరిస్తారు ఏడాది పని?

ఐదూ ఎనిమిదికి ఫోన్ మోగింది. కోడలు స్పీకర్ నొక్కి బల్ల మీద పెట్టేసింది.

"పదోది ఏదమ్మా?" పెద్ద టీచరు గొంతు. వెనకాల బల్లలు చరుస్తున్న చప్పుడు. "తొమ్మిదీ పలికేసి, లేవమంటే లేవడం లేదు మా వాళ్లు. తెర వైపు చేతులు చూపిస్తున్నారు. ఎంతసేపట్లో వస్తుంది?"

"పన్నెండు నిమిషాలు" అంది కోడలు. అని, రెండు చేతులతో మొహం కప్పుకుంది.

అద్దం మామ కళ్లు తుడుచుకోవాలని కూడా తోచక అలాగే నిలబడ్డాడు. "అమ్మా" అన్నాడు, "ఇక మీదట నేనేదైనా తప్పు చేస్తే మొహాన చెప్పెయ్. మర్యాదా గిర్యాదా వద్దు."

"చెప్పమంటారా?"

"చెప్పు."

"ఆ చెయ్యి తియ్యండి మామయ్యా, ఇందాకట్నుంచీ గాలి పోయే దారి మూసేశారు. ఎనభై మూడుకి ఎక్కింది."