చిల్లుల అట్ట

పోయినేడు మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లల తెలివిని కొలిచి, ఎక్కువ వచ్చినవాళ్లను ఒక సెక్షన్‌లో, తక్కువ వచ్చినవాళ్లను ఇంకో సెక్షన్‌లో వేశారు. కాపీ కొట్టకుండా రెండు రకాల ప్రశ్నపత్రాలిచ్చారు. జవాబుపత్రం మీద, సరైన జవాబులుండే చోట్ల చిల్లులు పొడిచిన అట్ట పెట్టి, చిల్లుల్లో కనబడిన గుర్తులు లెక్కపెట్టడం గుమస్తానైన నా పని.

నా కూతురు తక్కువ సెక్షన్‌లో పడింది. "నీ బుర్రలో ఉన్నది మట్టే" అని ఏడాదంతా తిట్టిపోశాను.

మొన్న బీరువా సర్దుతుంటే, సీలు కూడా విప్పని కవరులో రెండో రకం పత్రానికి వాడాల్సిన అట్ట దొరికింది. రెండు రకాల పత్రాలనూ ఒకే అట్టతో దిద్దిన గాడిదను నేను! రెండో రకం రాసినవాళ్లంతా తక్కువ సెక్షన్‌కే పోతే, అప్పుడైనా అనుమానం రాలేదు. కూర్చుని మళ్లీ దిద్దాను. మా అమ్మాయిది తరగతి మొత్తం మీద మూడో స్థానం.

హెడ్మాస్టరు దగ్గరికి పరుగెత్తాను.

"తేనెతుట్టె కదపకయ్యా," అన్నాడాయన. "ఏడాది మార్కులు చూడు. ఆ సెక్షనోళ్లకి నిజంగానే తక్కువొస్తున్నాయిగా!"

"వాళ్ల క్లాసుకి లెక్కల మాస్టార్ని పంపితే కదండీ!"

"తెలివి లేనోళ్లకి దండగని పంపలేదు."

ఇంటికొచ్చి మా అమ్మాయి చేతిలో మళ్లీ దిద్దిన తన జవాబుపత్రం పెట్టాను. "తప్పు నాదేనమ్మా. నువ్వు మొద్దువి కాదు."

అది చూసి, జాలిగా నవ్వి, మడిచి నా జేబులో పెట్టేసింది.

"మళ్లీ లెక్కపెట్టు నాన్నా. ఇప్పుడే ఎక్కడో పొరబడి ఉంటావ్."