సూది మీద నింద

ఆర్మూర్‌లో పసుపు అంటితే ఎవరూ దాన్ని మరక అనరు. మార్కెట్ యార్డులో పసుపు కొమ్ములు ఏరే మంగవ్వకు చేతులే కాదు, చీర, చెప్పులు, అన్నం డబ్బా మూత కూడా పసుపే. అందుకే రొమ్ములో లేచిన గడ్డ మీద ఆమె రోజూ పసుపు ముద్ద పెట్టుకుంటున్నా, రవికె తడిసి పచ్చబడుతున్నా భర్త లింబాద్రికి అనుమానమే రాలేదు. ఇంకో ఊళ్లో అయితే ఎప్పుడో దొరికిపోయేది.

గడ్డ మాత్రం తగ్గలేదు. మంగవ్వ మొండిదైతే అది అంతకన్నా మొండిది. చెల్లెలి కూతురు దివ్యశ్రీ హైదరాబాద్‌లో క్యాన్సర్ కణాల మీద పరిశోధన చేస్తుంది. ఆ పిల్ల చూడ్డానికి వస్తే, మంగవ్వ తలుపు దగ్గరికి వేసి ఆమె ఒక్కదానికే చూపించింది.

"ఏమన్న గోలీలు చెప్పు బిడ్డా. సూది మాత్రం వద్దు."

"నేను డాక్టర్‌ను కాదు పెద్దమ్మా. రేపు దవాఖానకు పోదాం. సూదితోని జరంత ముక్క తీసి చూస్తరు."

"గదే వద్దంటున్న. యమునకు సూది కుచ్చిన్రు, ఒళ్లంత పాకింది."

యమున మంగవ్వ తోటికోడలు. రొమ్ములో గడ్డకు సూది పరీక్ష అయిన కొన్నాళ్లకే కన్నుమూసింది. గడ్డను సూదితో కదిపితే చెదిరిపోతుందని అప్పటినుంచి మంగవ్వ యార్డులో ఆడవాళ్లందరికీ చెప్తూ వచ్చింది. అక్కడ ఆమె మాటకు ఎదురులేదు మరి.

దివ్యశ్రీ వాదించలేదు. ఫోన్‌లో తన ల్యాబ్ వీడియో ఒకటి పెట్టింది. ఒకదానికొకటి అతుక్కున్న కణాల గుంపులోంచి ఒకటి మెల్లగా విడిపడి, పాక్కుంటూ దూరంగా పోయింది.

"దీన్ని ఎవరు సూదితోని పొడవలే పెద్దమ్మా. దానంతటదే పోతున్నది."

"ఎందుకు పోతది?"

"కణం పైన ప్రొటీన్లుంటయి. కొన్ని పక్కదాన్ని పట్టుకొని ఉంటయి, కొన్ని నడిపిస్తయి. లోపల ఏ జీన్లు పనిచేస్తే పైన గవే వస్తయి. పట్టుకునేటియి తగ్గి నడిపించేటియి పెరిగితే, అది ఉన్నకాడ ఉండదు. మీద ఏవున్నయో తీసి చూస్తేనే ఏ మందు పనిచేస్తదో తెలుస్తది."

"మరి యమునకు?"

"సూది పడకముందే గిట్ల బయలెల్లి ఉంటది. రొమ్ములకెల్లి పోయేటియి ముందుగాల చంకలకే చేరుతయి. చంకల గడ్డలేమన్న ఉండెనా?"

లేవు అనబోయి మంగవ్వ నోరు మూసుకుంది. పసుపు తవ్వే రోజుల్లో యమున గంప ఎత్తుతూ చంక నొప్పి అనేది. అక్కడ గోలీకాయంత గడ్డ ఉంటే తడిమి, పసుపు పూసింది తనే. అప్పటికి యమున దవాఖాన గడప తొక్కలేదు. ఇన్నాళ్లూ ఈ సంగతి తెలిసి కూడా సూదినే ఆడిపోసుకుంది. సూదికి నోరు లేదు కాబట్టి సరిపోయింది.

కొంగుతో ముఖం తుడుచుకొని లేచింది. తర్వాత బయటికి వచ్చి లింబాద్రికి చెప్పింది. ఆయన చేతిలో చాయ్ గ్లాసు కింద పెట్టి, పక్కింటివాళ్ల కారు అడగడానికి లేచాడు.

పరీక్షలో అది క్యాన్సరేనని తేలింది. కణాల మీద ఒక ప్రొటీన్ మోతాదుకు మించి ఉందట. అలాంటివి తొందరగా ఊరు దాటుతాయట. అయితే ఆ ప్రొటీన్‌నే పట్టుకునే మందు ఉందనీ, చంకలోకి ఇంకా చేరినట్టు లేదనీ డాక్టరమ్మ చెప్పింది. మంగవ్వకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

మొదటి విడత మందు ఎక్కించుకున్నాక, ఒంట్లో కాస్త ఓపిక వచ్చిన రోజున ఆమె యార్డుకు వెళ్లింది. కొమ్ములు ఏరుతున్న ఆడవాళ్ల మధ్య కూర్చొని చెప్పాల్సింది చెప్పింది.

"సూది తప్పేం లేదు. నేనే తప్పు చెప్పిన. గడ్డ కనపడితే దాచకున్రి."

అందరూ తలా ఒకటి అడిగారు. వాళ్లలో చిన్నదైన గంగామణి మాత్రం జల్లెడ పక్కన పెట్టి, మిగతావాళ్లు లేచిపోయేదాకా కదలకుండా కూర్చుంది.

"నువ్వే వద్దంటివి గదా అక్కా. గందుకే నేను ఇంట్ల సుత చెప్పలే."

మంగవ్వ ఆమె చంక కింద చెయ్యి పెట్టి చూసింది. గట్టిగా తగిలింది.

"ఎప్పటి సంది?"

"యమునక్క సచ్చిపోయిన ఏడాది సంది."

 ఏడిస్తే ఈ పిల్ల భయపడుతుందని మంగవ్వ ఏడుపు ఆపుకుంది. గంగామణి చెయ్యి గట్టిగా పట్టుకొని, దవాఖానకు పోయే ఆటో కోసం రోడ్డు మీదికి నడిచింది.