దీనమ్మ పైటకు తగిలించిన మైకు

నేను ఒక కాలర్ మైకుని. మాట్లాడే మనిషి చొక్కా బొత్తాం పక్కనో, పైట అంచునో మినపగింజంత నల్లగా కనిపిస్తుందే, అదే నేను. నేను విన్నది గాలిలోనే పోయి అవతల కెమెరాకో, సౌండ్ బాక్సుకో చేరుతుంది. నిజమేదో అబద్ధమేదో వడకట్టే జల్లెడ నాలో లేదు. ఉండి ఉంటే నాకు ఎక్కడా పని దొరికేది కాదు.

పుట్టింది ఏదో పరదేశపు కర్మాగారంలో. అక్కడ ఎవరో ఒకామె నన్ను నోటి దగ్గర పెట్టుకుని ఏదో అని చూసింది. ఆ భాష నాకు రాదు, ఆమె మళ్ళీ కనబడలేదు. ఇక్కడికొచ్చాక మొదట ఒక పెళ్ళిళ్ళ వీడియో ఆయన దగ్గర పనిచేశాను. పురోహితుడి కండువాకు నన్ను తగిలిస్తే, మంత్రం మధ్యలో ఆపి "అప్పడాలు అయిపోతాయేమో, మనకు తీసి పెట్టమను" అని కొడుకుని పురమాయించడం విన్నాను. తరువాత యూట్యూబులో ప్రవచనాలు చెప్పే ఒక పెద్దాయన దగ్గరికి చేరాను. కోపాన్ని జయించడం ఎలాగో గంటసేపు చెప్పి, నన్ను ఇంకా విప్పకముందే డ్రైవరుని ఏడు తరాలూ ఏకరువు పెట్టి తిట్టాడు మహానుభావుడు. ఆయన కొత్త మైకు కొనుక్కుని, నన్ను గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీకి దానం చేశాడు. దానం చేస్తూ ఫొటో కూడా తీయించుకున్నాడు లెండి. అలా జర్నలిజం విభాగం బీరువాలో పడ్డాను.

ఆఖరి సెమిస్టరులో పిల్లలు జట్లుగా ఒక డాక్యుమెంటరీ తీసి చూపించాలి. నన్ను తీసుకున్న జట్టుకు డైరెక్టరు నిఖిలేష్. వాణ్ణి ఎవరూ ఎన్నుకోలేదు. కెమెరా వాళ్ళ నాన్న కొనిచ్చింది, కాబట్టి డైరెక్టరు వాడే. నన్ను చూసుకునే పని కెజియా అనే పిల్లకు తగిలించారు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని నేను విన్నదల్లా వినడం ఆ పిల్ల పని. అది ఎవరికీ అక్కర్లేని పని. అది చేసేవాళ్ళు ఫొటోలో పడరు గదా!

దేనిమీద తియ్యాలా అని క్యాంటీన్లో టీల మీద టీలు తాగాక నిఖిలేష్ బల్ల గుద్దాడు.

"కెజియా! మీ అమ్మగారిది మిర్చి వ్యాపారమే కదా! మిర్చి గోడౌన్ల మీద తీద్దాం. ఏమంటావు?"

ఆ పిల్ల ఏమనగలదు? మొదటి ఏడాది తొలిరోజు క్లాసులో ఒక్కొక్కరినీ లేపి, అమ్మానాన్నలు ఏం చేస్తారో చెప్పమన్నారట. చదువుకోడానికి వచ్చిన పిల్లను పట్టుకుని ఆ ప్రశ్న ఎందుకడగాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ముందు లేచినవాళ్ళు డాక్టరు అన్నారు, కాంట్రాక్టరు అన్నారు. కెజియా వంతు వచ్చేసరికి నోటికి ఏదొస్తే అది అనేసింది. మిర్చి వ్యాపారం! తల్లి దీనమ్మ ఊరి శివార్లలోని గోడౌన్ల దగ్గర ఎండుమిరపకాయల తొడిమలు తీసే కూలీ. తండ్రి ఏనాడో పోయాడు.

అమ్మ ఊళ్ళో లేదని చెప్పి చూసింది. "అయితే మనమే వెళ్దాం" అన్నాడు నిఖిలేష్. వాడు మాట్లాడుకొచ్చిన గోడౌను సరిగ్గా దీనమ్మ పనిచేసేదే. షూటింగు ముందు రోజు సాయంత్రం కెజియా బ్యాటరీలు పరీక్షించడానికి నన్ను ఇంటికి తీసుకెళ్ళింది. ఈ సంగతులన్నీ అక్కడ తల్లితో చెప్పుకుని ఏడుస్తుంటే విన్నాను.

"రేపు ఒక్కరోజు పనికి పోమాకమ్మా" అంది.

"లోడు ఎత్తాలంట. పోకపోతే మేస్త్రి మళ్ళీ పిలవడు" అంది దీనమ్మ. తరువాత తనే అంది. "పోతాలే. నిన్ను ఎరగనట్టే ఉంటా. నువ్వూ ఎరగనట్టే ఉండు. మనోళ్ళందరికీ నేను చెబుతాలే. ఇందులో ఏవుంది, ఏడవమాక."

మర్నాడు గోడౌన్లో అడుగుపెట్టగానే డైరెక్టరుగారికి తుమ్ములే తుమ్ములు. గోనెపట్టాల మీద బారుగా కూర్చుని, ముక్కులకు గుడ్డలు కట్టుకుని ఆడవాళ్ళు తొడిమలు తీస్తున్నారు. అందరికీ కెజియా తెలుసు. ఒక్కరూ తలెత్తి పలకరించలేదు.

"ఆ దగ్గుతున్నావిడను పెడదాం. దగ్గు చాలా బాగుంది!" అన్నాడు నిఖిలేష్.

మనుషుల నోట ఎన్నో విన్నాను గానీ, దగ్గు బాగుందనడం అదే మొదటిసారి. ఆ దగ్గు దీనమ్మది.

కెజియా నన్ను తెచ్చి తల్లి పైటకు తగిలించింది. రెండుసార్లు జారిపోయాను.

"కొంచెం కదలకండి ఆంటీ" అంది కన్నతల్లితో.

"అట్టాగేనమ్మా. మీరెట్టా చెబితే అట్టా" అంది తల్లి.

పైట వెనక గుండె దడదడలాడుతోంది. అది నాకు వినబడిందంటే హెడ్‌ఫోన్లలో కెజియాకూ వినబడే ఉంటుంది.

వేళ్ళు మండవా అని అడిగాడు నిఖిలేష్. "మండకేం బాబూ. ఇంటికి పోయి మజ్జిగలో ముంచుకుంటాం" అంది. ఎన్నాళ్ళుగా చేస్తున్నారన్నాడు, పెళ్ళయిన కాణ్ణుంచీ అంది. ఆ తరువాత అడిగాడు.

"మీకు పిల్లలెంతమంది అమ్మా?"

దీనమ్మ ఊపిరి ఆగింది. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

"నాకు పిల్లల్లేరయ్యా."

"సూపర్!" అని గొణిగాడు నిఖిలేష్. ఆపైన ముందుకు వంగి, "అమ్మా, ఆ మాట ఇంకొక్కసారి అనండి. కొంచెం బాధగా" అన్నాడు. ఆమె మళ్ళీ అంది. కెమెరా పక్కకు తిప్పి మళ్ళీ అనిపించాడు. ఈసారి నిజంగానే గొంతు పూడుకుపోయింది. ఆ షాటే ఓకే చేశాడు. నాకు చెయ్యంటూ ఉంటే వాడి చెంప పగిలేది.

సినిమావాళ్ళకు ఒక ఆచారం ఉంది. మాటలన్నీ అయ్యాక ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయి, కాసేపు ఆ చోటి నిశ్శబ్దాన్ని రికార్డు చేస్తారు. తరువాత ముక్కలు అతికేటప్పుడు సందుల్లో నింపడానికి అది పనికొస్తుంది. దాన్ని రూమ్ టోన్ అంటారు. "అందరూ సైలెన్స్!" అన్నాడు నిఖిలేష్. తొడిమలు తీసే చేతులు కూడా ఆగాయి. అప్పుడు దీనమ్మ తల వంచుకుని, పెదవులు కదలకుండా నాతో అంది.

"అన్నం తిన్నావా? డబ్బా పొయ్యి పక్కనే మర్చిపోయొచ్చావు."

నాతో కాదు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న కూతురితో.

"సౌండ్ ఓకేనా?" అని కేకేశాడు నిఖిలేష్. "ఓకే" అంది కెజియా. ఆ సాయంత్రమే ఎడిటింగు గదిలో, గాలి చప్పుడు పడిందని చెప్పి ఆ ముక్కను చెరిపేసింది. నాకు ఒళ్ళు మండింది. ఎన్నో చెత్త మాటల్ని భద్రంగా దాచారు, దీన్ని మాత్రం చెరిపేశారు.

మిరపకాయల సినిమా కాస్తా పిల్లల్లేని తల్లి సినిమా అయిపోయింది. పేరు "ఒంటరి ఘాటు". వెనక వయొలిన్ ఏడుపొకటి. కాలేజీలో మొదటి బహుమతి వచ్చింది. బహుమతి రోజున దీనమ్మకు సన్మానం చెయ్యాలని నిఖిలేష్ స్వయంగా వెళ్ళి ఆటోలో తీసుకొచ్చాడు. వాడు చెడ్డవాడు కాడు, అదే బాధ. హాలు నిండిపోయింది. ఆమెకు శాలువా కప్పారు. చేతి మైకు పట్టుకోలేక ఆమె తడబడుతుంటే, కాలర్ మైకు పెట్టమని కెజియాను స్టేజీ మీదికి పిలిచారు.

"దీనమ్మగారికి పిల్లల్లేరు. ఇవాళ్టి నుంచి మేమందరం ఆవిడ పిల్లలమే!" అంటున్నాడు నిఖిలేష్. ఒకటే చప్పట్లు.

కెజియా నన్ను పైటకు తగిలించి లేవలేదు. అలాగే వంగి ఉండిపోయింది. వెచ్చటి చుక్క ఒకటి నా మీద పడింది.

"ఈమె మా అమ్మ" అంది.

హాలంతా మోగింది. ఆ తరువాత ఈలలు, చప్పట్లు!

"కాదు, నిజంగా మా అమ్మ. నన్ను కన్నది. నేనే అబద్ధం..."

మిగతాది చప్పట్లలో కొట్టుకుపోయింది. వెనక వరుసలవాళ్ళు లేచి నిలబడ్డారు. "చూశారా సార్, సౌండ్ చూసిన అమ్మాయి కూడా ఎంత ఫీలయిందో!" అన్నాడు నిఖిలేష్ కళ్ళు తుడుచుకుంటూ. విభాగాధిపతి వచ్చి ఆ పిల్ల వీపు తట్టి, "ఇంత సున్నితమైన మనసుండాలి జర్నలిస్టుకి. నీకు ఫుల్ మార్కులమ్మా" అన్నాడు. "సార్, నేను చెప్పేది..." అంటున్నా వినకుండా దీనమ్మను మాట్లాడమన్నాడు.

దీనమ్మ చేతులు జోడించింది. "నాకింత మర్యాద చేశారు. ఆ పాప అంత మాట అంది. పిల్లలందరూ చల్లగా ఉండాలి" అంది.

పాట మొదలైంది. నా గొంతు తగ్గించేశారు. కెజియా నన్ను విప్పడానికి వచ్చింది. వెక్కిళ్ళు ఆగడం లేదు.

"చెప్పానమ్మా. ఎవరూ నమ్మలా."

"పోన్లే నాన్నా" అంది దీనమ్మ, శాలువా కొంగుతో కూతురి ముఖం తుడవబోయి, అందరూ చూస్తున్నారని చెయ్యి వెనక్కి తీసుకుంటూ. "నమ్మకపోవటమే మంచిదయింది. మీరు పొండి, అందరూ ఫొటోకి పిలుస్తున్నారు."

కెజియా నా స్విచ్చి ఆపేసింది.