మీగా కంటికి నీడ

పొద్దున్నే తొట్టిలో నీళ్లు నింపడం, గుర్రాలకి గడ్డి వేయడం, పాకలో పేడ ఎత్తడం ఎర్మిందా పని. మాతే ఆకు టీలా కాచుకుని, సొరబుర్ర కప్పు చేత పట్టుకుని వసారాలో కూచుని, ఆ పనిలో తప్పులు పట్టడం ఆడపడుచు డెల్ఫా పని. ఇద్దరి మధ్యా ఎక్కడ పడాలో చూసుకుని పడటం అత్తగారి నీడ పని.

అత్తగారు దోన్యా సులేమా పోయి చాలా కాలమైంది. శవపేటిక గేటు దాటింది గానీ నీడ దాటలేదు. మోసేవాళ్లు పేటికని కిందకి దించి కాసేపు చూశారు. అది వచ్చేలా లేదని తేల్చుకుని, తమ దారిన తాము వెళ్లి పాతిపెట్టి వచ్చారు. పొట్టిగా, భుజాలు వెడల్పుగా, కొప్పు కాస్త ఎడమకి ఒరిగి, ఆవిడ బతికున్నప్పుడు ఎలా ఉండేదో ఆ నీడా అలాగే ఉండేది. ఎవరొచ్చినా దాన్ని తొక్కకుండా పక్కనుంచి నడిచేవాళ్లు. పాదిరీగారు టోపీ తీసేవాడు.

మధ్యాహ్నం పూట అది గొడుగు పట్టినట్టు డెల్ఫా నెత్తి మీద నిలబడేది. ఎర్మిందా బట్టలారేస్తే వాటి మీద పడి ఆరనిచ్చేది కాదు. రొట్టెల పిండి కలిపి పెడితే దాని మీద పడి పొంగనిచ్చేది కాదు. చలికాలం ఎర్మిందా ఎండలో కాసేపు కూచుందామనుకుంటే చాలు, ఆ చల్లదనం వచ్చి ఒళ్లో కూచునేది.

బతికుండగానూ అంతే. సంతల్లో రంగులరాట్నం తిప్పుకునేవాడి కూతుర్ని కొడుకు రొసెందో చేసుకొచ్చాడని ఆవిడ చచ్చేదాకా మండిపడింది. తర్వాత రొసెందో కూడా ట్రాక్టర్ మీద కూచున్నవాడు కూచున్నట్టే పోయాడు. పంపా మైదానంలో, చుట్టూ కనుచూపు మేర గడ్డి తప్ప ఏమీ లేని ఆ ఇంట్లో ఇక ఇద్దరు ఆడవాళ్లూ, ఓ నీడా, మనిషి నడుము ఎత్తు దాటని పొట్టి గుర్రాల మందా మిగిలాయి. ఆ గుర్రాల్ని పెంచి పశు ప్రదర్శనలకి పంపడం ఆ ఇంటికి తాతల నాటి వృత్తి.

అక్కడ జనవరి అంటే నడివేసవి. ఆ జనవరిలో ఎండలు మండిపోతుండగా దక్షిణపు గాలి ఒక్కసారిగా విరుచుకుపడింది. పాక మీది రేకులు పేకముక్కల్లా ఎగిరిపోయాయి. ఎండి ఉండల్లా చుట్టుకున్న ముళ్లకంపలు మైదానం మీద దొర్లుకుంటూ వచ్చాయి. వాటిలో ఒకటి మీగా మొహానికి కొట్టుకుంది.

మీగా అంటే రొట్టె తునక. అంత చిన్న గుర్రప్పిల్ల అది. ఎర్మిందా మోకాలి కన్నా కాస్త ఎత్తు ఉండేది, అంతే. గాలి తగ్గాక చూస్తే ఎడమ కన్ను మూసుకుపోయి నీరు ధారగా కారుతోంది. ఎర్మిందా వేళ్లతో రెప్ప విప్పి చూసింది. నల్లగుడ్డు మీద పాలమీగడ లాంటి పొర కమ్మి, మధ్యలో ఓ గీత కనిపించింది.

పశువుల డాక్టరు లాసార్తే వచ్చి, ముందు నీడ వైపు తిరిగి కాస్త జరగమని మర్యాదగా అడిగి, వెలుతురులో కన్ను చూశాడు. చుక్కల మందు ఇచ్చాడు. ఎండ తగలకూడదు, దుమ్ము పడకూడదు, ఈగలు వాలకూడదు, అన్నిటికన్నా ముఖ్యం, అది కన్ను దేనికీ రుద్దుకోకూడదు అన్నాడు. రుద్దుకుంటే గుడ్డు పగులుతుంది, అప్పుడు తీసెయ్యడం తప్ప దారి లేదు అన్నాడు. ఈ నెలాఖరుకి మళ్లీ వస్తానని చెప్పి వెళ్లాడు.

ఆయన బండి గేటు దాటేదాకా డెల్ఫా ఆగింది.

"పిల్లని ముందు లోపలికి తోలమన్నాను. నువ్వు తల్లిని పట్టుకుని వేలాడావు."

"తల్లి వెనకే పిల్ల వస్తుందని తోలాను వదినా. మీరు వసారాలోంచి అరవకుండా దిగొచ్చి ఓ చెయ్యి వేసుంటే పోయేది."

"నీకు తెలిసినవి చెక్క గుర్రాలు. మేకు కొడితే కదలవు." డెల్ఫా లేచి నిలబడింది. ఆమెతో పాటే నీడా లేచింది. "విను. దాని కన్ను పోతే నువ్వూ పోతావు. నా తమ్ముడి మొహం చూసి ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఇక ఊరుకోను."

"బాగైతే?"

"బాగైతే ఉంటావు. అదీ చూద్దాం."

ఎర్మిందాకి వెళ్లడానికి చోటు లేదు. తండ్రి పోయాడు, రాట్నం ఎవరి చేతికో పోయింది. ఆ రోజునుంచి ఆమె మకాం పాకలోకి మారింది. గుంజలన్నిటికీ గొర్రెతోలు చుట్టింది. దుమ్ము లేవకుండా గడ్డి తడిపి, మొహం మీద పడకుండా నేల మీదే పరిచింది. ఈగల కోసం పాత తెర గుడ్డ కత్తిరించి ముసుగు కుట్టింది. చుక్కలు వేసేటప్పుడు మీగా తన్నేది, కొరికేది. ఎర్మిందా ముంజేతులనిండా పళ్ల గాట్లు.

ఎండ మాత్రం ఆమె వల్ల కాలేదు. రేకులు లేని పాక మీద గోనెపట్టాలు కడితే గాలి చింపేసేది. దుప్పట్లు కడితే ఎత్తుకుపోయేది. ఇంట్లోకి తెద్దామంటే డెల్ఫా తలుపుకి అడ్డం నిలబడి, గుర్రాలు పడుకునే ఇల్లు కాదిది అంది. ఆ ఎండకి మీగా కన్ను నొప్పెట్టి తల విదిలిస్తూ, తల్లి డొక్కకి రుద్దుకోబోయేది. ఎర్మిందా పగలంతా మధ్యలో తన చెయ్యి అడ్డం పెట్టి కూచునేది.

అలా ఓ మధ్యాహ్నం ఆమెకి ఓపిక అయిపోయింది. వసారా మెట్ల మీద, కునుకు తీస్తున్న డెల్ఫా పాదాల దగ్గర పరుచుకున్న నీడ ముందుకి వెళ్లి నిలబడింది. అత్తగారు పోయాక ఆవిడతో మాట్లాడటం అదే మొదలు.

"నా మీద కోపం నా మీదే ఉంచుకోండి," అంది. "నా బట్టలు తడిసే ఉండనీండి. మీరు ఇక్కడ పడే చోటు అక్కడ పడితే చాలు. అది మీ గుర్రం కడుపున పుట్టిందే గాని నా కడుపున కాదు."

నీడ కదల్లేదు. కొప్పు కూడా కదల్లేదు. ఎర్మిందా ఉమ్మేసి వెళ్లిపోయింది.

డెల్ఫా అంతా విన్నదని మర్నాడు తెలిసింది. చుక్కల మందు సీసా మూత ఊడి, దొర్లి, ఖాళీగా కనబడింది. పిల్లి పడేసుంటుంది అంది డెల్ఫా. ఆ ఇంట్లో పిల్లి లేదు. ఎర్మిందా ఊరిదాకా ఎండలో నడిచెళ్లి కొత్త సీసా తెచ్చింది. ఆ సాయంత్రం డెల్ఫా చెప్పుల్లో కాలు పెడితే లోపల ముళ్లకాయలు గుచ్చుకున్నాయి. పిల్లి, అంది ఎర్మిందా.

సీసా కన్నా పెద్ద దెబ్బ ఏమిటంటే, ఎర్మిందా ఊరికి వెళ్లొచ్చే లోపల మీగా ముసుగు పీకేసి కన్ను రుద్దుకుంది. రెప్ప వాచి ఉబ్బింది. గుడ్డ ముసుగు చాలదని తేలిపోయింది. కంటికి తగలకుండా పైన డొప్పలా నిలిచేది, గట్టిగా ఉండి బరువు లేనిది ఏదో కావాలి. తోలుతో చేస్తే బరువుకి కిందకి జారింది. రేకు డబ్బా అంచు కోసుకుంటుంది. అప్పుడామె కళ్లు వంటింటి గూట్లో ఉన్న సొరబుర్ర కప్పు మీద పడ్డాయి. దోన్యా సులేమా బతికినన్నాళ్లూ మాతే తాగిన కప్పు. ఆవిడ పెదాలు తగిలి తగిలి అంచు నున్నగా అరిగి ఉంటుంది. ఇప్పుడు దాన్లో డెల్ఫా తాగుతుంది, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వదు.

డెల్ఫా కోళ్ల గూటి దగ్గర ఉండగా ఎర్మిందా దాన్ని రంపంతో నిలువునా కోసింది. ఒక సగానికి గాలాడేలా తోలు కుట్టే ఆరెతో చిల్లులు పొడిచింది. అంచు చుట్టూ గొర్రెబొచ్చు కుట్టి, తలకట్టుకి బిగించి, మీగా కంటి మీద పెట్టింది. కొలిచి చేసినట్టు కూచుంది.

వెనక కోడిగుడ్లు పగిలిన చప్పుడైంది.

"అది అమ్మది," అంది డెల్ఫా.

"తెలుసు."

"తెలిసే కోశావా?"

"తెలిసే కోశాను. మిగతా కప్పులన్నీ పెద్దవి."

డెల్ఫా పగిలిన గుడ్లు తొక్కుకుంటూ దగ్గరకి వచ్చింది. "నీ చేతులు విరిగిపోను. మా తమ్ముణ్ణి తిన్నావు, ఇప్పుడు మా అమ్మ మూతి తగిలిన వస్తువు మిగిల్తే దాన్నీ ముక్కలు చేశావు." తన నెత్తి మీది నీడకేసి చూసింది. "చూస్తున్నావా అమ్మా? చూస్తూ ఊరుకుంటావా?"

నీడ డెల్ఫాని విడిచి కదిలింది. నేల మీద పాకుతూ తిన్నగా ఎర్మిందా మీదకి వచ్చింది. ఎర్మిందా పళ్లు బిగించి నిలబడింది. చల్లదనం పాదాల మీదినుంచి ఎక్కి, మెడదాకా వచ్చి, ఆగకుండా దాటిపోయింది. వెనక్కి తిరిగి చూసేసరికి ఆ వెడల్పాటి భుజాలు పాక గుంజల మధ్య పరుచుకుని ఉన్నాయి. మీగా ఆ నీడలో మోకాళ్లు మడిచి, తల నేలకి ఆన్చి పడుకుంది.

ఇక నీడ మీగాని వదల్లేదు. సూర్యుడు ఎటు తిరిగినా నీడ తిరగలేదు. మీగా లేచి తల్లి దగ్గర పాలు తాగితే వెంట వెళ్లి నిలబడేది, వచ్చి పడుకుంటే మీద పరుచుకునేది. ఈగలు ఆ చలికి దరిదాపులకి రాలేదు.

డెల్ఫా మొహం ఎండకి కాలింది. పుట్టి బుద్ధెరిగాక మిట్టమధ్యాహ్నం ఎండ ఆమె ఎరగదు. ముక్కు మీద తోలు లేచింది. రొసెందో టోపీ వెతికి పెట్టుకుంటే అది చెవులదాకా దిగింది. తల్లి కూచునే పేము కుర్చీ వాకిట్లో వేసి, మాతే కాచి పక్కన పెట్టి పిలిచింది. నీడ తల తిప్పలేదు. ఎర్మిందా పాకలోంచి చూసి నవ్వింది, డెల్ఫాకి వినబడేలాగే నవ్వింది.

నాలుగు రోజులు గడిచాక బౌదీలియో లారీ వచ్చింది. అతను వేసవిలో పొట్టి గుర్రాల్ని సముద్రం ఒడ్డు ఊళ్లకి తోలుకెళ్లి, పిల్లల్ని పక్కన నిలబెట్టి ఫొటోలు తీయిస్తాడు. డెల్ఫాయే కబురు పెట్టింది. గుర్రప్పిల్ల వెళ్లిపోతే తల్లి నీడ తన దగ్గరకి వస్తుందని ఆమె లెక్క.

"ఇప్పుడు ఉప్పుగాలిలో ఇసకలో తిప్పితే కన్ను పగులుతుంది," అంది ఎర్మిందా, లారీలోకి ఎక్కించే బల్లకి అడ్డం నిలబడి.

"ఫొటోకి ఒక కన్ను చాలు. తప్పుకో."

"కన్ను పోతే నన్ను పొమ్మన్నారు. మీరే పోగొడితే అది లెక్కలోకి రాదు వదినా."

"నా ఇంట్లో లెక్కలు నేను వేస్తాను."

బౌదీలియో ఎవరి వైపూ చూడకుండా సిగరెట్టు వెలిగించుకున్నాడు. డెల్ఫా ఎర్మిందాని భుజంతో నెట్టింది. ఎర్మిందా ఆమె జుట్టు పట్టుకుంది. ఇద్దరూ దుమ్ములో పడ్డారు. ఎన్నేళ్లుగానో దాచుకున్నదంతా చేతుల్తో, మోచేతుల్తో, గోళ్లతో తీర్చుకున్నారు. చివరికి పెద్ద ఒళ్లు డెల్ఫాది కాబట్టి ఆమే ముందు లేచింది. తాడు పట్టుకుని మీగాని బల్ల దగ్గరకి లాగింది. కంటి మీద డొప్పతో ఆ వైపు ఏమీ కనబడక, మీగా వణుకుతూ ఆగిపోయింది.

అప్పుడు నీడ మీగాని దాటి ముందుకి వచ్చింది. బల్ల మీదికి ఎక్కింది. లారీలోకి వెళ్లి, ఎండ పడుతున్న మూలలో పరుచుకుని, చోటు చూసి పెట్టినట్టు ఆగింది. దాని వెనకే మీగా ఒక కాలు బల్ల మీద పెట్టింది.

డెల్ఫా తాడు బిగపట్టింది.

"అమ్మా," అంది. "నువ్వూనా."

లారీలో ఏమీ కదల్లేదు. డెల్ఫా దుమ్ము కొట్టుకున్న మొహం మీద చెమట చారలు కట్టింది. తర్వాత తాడు వదిలేసి, నెలాఖరుకి ఓసారి రమ్మని బౌదీలియోకి చెప్పి, ఇంట్లోకి వెళ్లిపోయింది. నీడ దిగొచ్చింది. మీగా పాకలోకి వెళ్లింది.

ఆ తర్వాత డెల్ఫా ఇంట్లో ఉండటం మానేసింది. టోపీ కూడా పెట్టుకోకుండా ఎండలో గేటు దాకా నడిచేది. మర్నాడు ఇంకాస్త దూరం నడిచేది. ఒళ్లు కమిలి, తోలు లేచి, కొత్త తోలు గోధుమరంగులో వచ్చింది. వెనక్కి వచ్చేటప్పుడు పాక వైపు చూసేది కాదు.

నెలాఖరున డాక్టరు లాసార్తే వచ్చి డొప్ప విప్పాడు. నల్లగుడ్డు నిగనిగలాడుతోంది. ఓ పక్కన ఆవగింజంత తెల్ల మచ్చ మిగిలింది. ఆయన ఎడమ వైపు నుంచి చెయ్యి ఊపితే మీగా ఉలిక్కిపడి తల వెనక్కి తీసింది. ఇంకోసారి ఊపితే ఆ వేలు కొరకబోయింది. కన్ను దక్కింది, మచ్చతో పనిలేదు అన్నాడాయన. ఎర్మిందా గుంజలకి చుట్టిన గొర్రెతోళ్లు ఒక్కొక్కటే విప్పింది.

బయటికి వచ్చేసరికి బౌదీలియో లారీ వాకిట్లో ఉంది. డెల్ఫా చేతిలో పెట్టె. తల్లి పోయినప్పటినుంచీ వేసుకుంటున్న నల్ల గౌను విప్పేసి, మడతల గీతలు ఇంకా పోని పువ్వుల గౌను ఏదో వేసుకుంది.

"గుర్రప్పిల్లని ఇవ్వను," అంది ఎర్మిందా.

"ఎవరడిగారు?"

"మరి ఈ లారీ ఎందుకు? కన్ను బాగైతే ఉండమన్నారు. మీ నోటితో అన్నారు."

"నువ్వు ఉంటావన్నాను," అంది డెల్ఫా. "నేను ఉంటానని అనలేదు."

ఎర్మిందా ఎక్కడికని అడగబోయి, అడగడం నామోషీ అనిపించి ఊరుకుంది. డెల్ఫాయే చెప్పింది, సముద్రం ఇక్కడికి ఒక్క పగలు ప్రయాణమట, తను ఇంతవరకూ చూడలేదట, తల్లి వెళ్లనివ్వలేదట. బౌదీలియో గుర్రాలకి మేత వేసే మనిషి కావాలట. ఆ పని నీ కన్నా బాగా చేస్తాను అని కూడా అంది.

"ఇంతకాలం వేలు కదపలేదుగా. చూద్దాం," అంది ఎర్మిందా.

"నువ్వు చూడవుగా. అదే నాకు హాయి."

డెల్ఫా ముందు సీటెక్కి తలుపు వేసుకుంది. పాకలో పరుచుకున్న నీడ వైపు ఒక్కసారి చూసింది. పిలవలేదు. లారీ కదిలింది. గేటు దగ్గర దుమ్ము లేచింది. మీగా రెండు కళ్లూ విప్పార్చి ఆ దుమ్ముకేసి చూస్తూ నిలబడింది.

"మీ అమ్మాయి పోతోంది," అంది ఎర్మిందా నీడతో. "లేవండి. ఇంకా అందుకోవచ్చు."

నీడ లేవలేదు. లారీ చప్పుడు వినబడినంతసేపూ కొప్పు కాస్త అటు తిరిగి ఉంది. చప్పుడు పోయాక మళ్లీ ఎడమకి ఒరిగింది.

"అయితే నాకు మిగిలింది మీరన్నమాట," అంది ఎర్మిందా.

ఎండ నిప్పులు చెరుగుతోంది. కొరికిన గాట్లతో, గీరుకున్న మోచేతులతో ఆమె ఒళ్లంతా సలుపుతోంది. పాకలోకి వెళ్లి, ఎవరి అనుమతీ అడక్కుండా మీగా పక్కనే నీడ అంచు మీద కూచుంది. సగం ఒళ్లు ఎండలో, సగం ఒళ్లు చల్లగా. నీడ వెనక్కి జరగలేదు. ఆమె కూడా ఇంకాస్త లోపలికి జరగలేదు. ఇద్దరూ అలాగే ఉండిపోయారు.