అందరి వెనక

ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య బిగించి హ్యాండిలు సరిచేస్తుంటే, అందరూ తోక అని పిలిచే మనిషికి ఎడమవైపు రొమ్ములో మళ్ళీ పట్టేసింది. “గ్యాసు,” అన్నాడు చక్రంతో. చక్రం ఏమంటుంది పాపం, ఊరుకుంది. గ్యాసు కాదని డాక్టరు చెప్పి నెల దాటింది. నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోమని చిన్న మాత్రలిచ్చి, స్నానానికి వెళ్ళినా దగ్గరుండాలని మరీ మరీ చెప్పాడు. తోక వాటిని తన నారింజరంగు జాకెట్ లోపలి జేబులో పెట్టుకున్నాడు. ఆ జాకెట్ లేకుండా అతను సైకిలెక్కిన రోజు లేదు, ఇంక భయమేముంది?

తోక అతని అసలు పేరు కాదు, పని. సైకిళ్ళ కొట్టువాళ్ళు పట్నం జనాన్ని కార్లు తిరగని కొండదారుల్లో తిప్పి తీసుకొస్తారు. ముందొకరు దారి చూపిస్తూ పోతారు. ఎవరూ తప్పిపోకుండా చివరన ఒకరు వస్తారు. పాతికేళ్ళుగా ఆ చివరి మనిషి ఇతనే. పంక్చరైనవాళ్ళనీ, రొప్పేవాళ్ళనీ, పువ్వు కనిపిస్తే చాలు సైకిలు పడేసి ఫొటోలు తీసేవాళ్ళనీ బుజ్జగించి ముందుకి తోలేవాడు. అందరి వీపులూ అతనికి తెలుసు. అతని వీపెలా ఉంటుందో ఎవరికీ తెలియదు.

ఈ పనిలో ఒక పద్ధతుంది. మలుపు వచ్చినప్పుడల్లా ముందు మనిషి తన వెనకున్నవాళ్ళలో ఒకరిని అక్కడ నిలబెట్టి పోవాలి. నిలబడ్డవాళ్ళు అందరికీ దారి చూపించి, నారింజరంగు జాకెట్ వచ్చాకే కదలాలి. ఆ రంగు ఇంకెవరూ వేసుకోకూడదు. జాకెట్ వచ్చిందా, మలుపు వదిలెయ్యొచ్చు. రాలేదా, పిడుగు పడ్డా కదలకూడదు.

ఇప్పుడు ముందు మనిషి అతని కూతురే. తల్లి పోయాక ఆ పిల్ల ఇతని సైకిలు క్యారేజీ మీదే పెరిగింది. కొండ ఎక్కుడు పూర్తయినప్పుడల్లా తండ్రి జేబులోంచి రెండు పిప్పరమెంట్లు తీసేవాడు, దానికొకటి, తనకొకటి. పెద్దదై ముందుకి వెళ్ళాక ఆ ముచ్చట ఆగిపోయింది. పొద్దున్నే ఒకే గుమ్మం దాటి వచ్చేవారు, సాయంత్రం ఒకే గుమ్మంలోకి వెళ్ళేవారు. మధ్యలో మాత్రం వాళ్ళిద్దరికీ నడుమ వచ్చిన జనమంతా ఉండేవారు.

ఆ పిల్ల రేపు వెళ్ళిపోతోంది. ఎక్కడో ఇంతకన్నా పెద్ద కొండల్లో, ఇంతకన్నా పెద్ద కంపెనీలో పని దొరికింది.

“నాన్నా, ఇవాళ వంతెన దగ్గర నేనే నిలబడతా. అక్కణ్ణుంచి దారి ఒక్కటే, వాళ్ళే పోతారు. చివరి ఎక్కుడు మనిద్దరం పక్కపక్కన ఎక్కుదాం.”

“నాతో ఎక్కితే ఇంటికెళ్ళేసరికి తెల్లారుతుందే.”

“తెల్లారనీ.” తర్వాత అతన్ని పట్టి పట్టి చూసింది. “మొహం అలా ఉందేంటి?”

“పుట్టినప్పట్నుంచీ అంతే. మీ నానమ్మ కూడా ఇదే మాటంది.”

పిల్ల నవ్వింది. గండం గడిచిందనుకున్నాడు. మాత్రల సంగతి చెబితే అది ప్రయాణం మానేస్తుంది. మానేస్తే అదీ తనలాగే ఈ కొండల చుట్టూ తిరుగుతూ ముసలిదైపోతుంది. రేపు అది బస్సెక్కాక ఉత్తరం ముక్క రాద్దాంలే అనుకున్నాడు. వెళ్ళిపోయేలోపు పక్కపక్కన ఒక్క ఎక్కుడు, అంతే అతనికి కావలసింది. దారిలో కిరాణా కొట్టు దగ్గర ఆగి రెండు పిప్పరమెంట్లు కొని జాకెట్ జేబులో వేసుకున్నాడు. అమ్మినావిడ, “మనవలకా?” అంది. “మా పిల్లకి,” అన్నాడు సిగ్గుపడుతూ.

మధ్యాహ్నం దాకా ఎండ బాగానే కాసింది. రాతిగోడల మధ్య సన్నటి దారి, గోడల అవతల గొర్రెలు. ఎక్కుతున్నంతసేపూ సొంత ఊపిరి తప్ప ఇంకో చప్పుడు లేదు. ఆ తర్వాత ఉన్నట్టుండి కొండమీద నుంచి మబ్బు దిగి వాన దంచింది.

అందరికన్నా వెనకపడింది లెక్కల టీచరమ్మ. రిటైరయ్యాక సైకిలు నేర్చుకున్న మనిషి. పలచటి చొక్కా తడిసి ఒంటికంటుకుపోయి, పళ్ళు టకటకలాడుతున్నాయి. తోక సైకిలాపి జాకెట్ విప్పాడు. జేబు సంగతి ఆ క్షణాన గుర్తు రాలేదు. చలికి వణికేవాళ్ళని చూస్తే అతనికి ఇంకేదీ గుర్తుండదు.

“మరి మీకో?”

“దున్నపోతు మీద వానండీ. నాకేం తెలుస్తుంది?”

జాకెట్ టోపీ ఆవిడ తలమీదకి లాగి తనే జిప్పు వేశాడు. “పదండి. నేను మీ వెనకే ఉన్నా.” జీవితంలో అతను అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పిన మాట అదే. ఆవిడ పది తొక్కులు తొక్కిందో లేదో, నొప్పి గుండెని గుప్పిట్లో పెట్టి పిండింది. తోక కాలు కింద ఆన్చాడు.

పై మలుపులో కళ్ళజోడు పెట్టుకున్నాయన ఒకాయన తడుస్తూ నిలబడి ఉన్నాడు. వానలో నారింజరంగు కనిపించింది. “హమ్మయ్య, వచ్చేశాడు” అనుకుని సైకిలెక్కాడు. ఆయన్ని ఏమని తిడతాం? చెప్పింది చెప్పినట్టే చేశాడు.

కింద తోక చెయ్యి రొమ్ము మీదకి పోయింది. తడి చొక్కా తగిలింది గానీ జేబు తగల్లేదు. “ఓరి నా మతిమండా,” అన్నాడు. అయినా కంగారు పడలేదు. పైన మలుపుంది, మలుపులో మనిషుంటాడు. తను వచ్చేదాకా కదలడు, పద్ధతి అది. సైకిలు మీదకి వాలి తోసుకుంటూ, ఆగుతూ, తోసుకుంటూ ఎక్కాడు. మలుపు తిరిగాడు.

ఎవరూ లేరు. బురదలో టైరు గుర్తులోకి నీళ్ళు చేరుతున్నాయి.

సైకిల్ని గోడకి ఆనించాడు. గొలుసు రాతికి రాసుకోకుండా ఇటుపక్కకి తిప్పి మరీ ఆనించాడు. పక్కనే చతికిలబడ్డాడు. వంతెన ఎంతో దూరం లేదు. “వస్తున్నా తల్లీ, కాస్త ఆగు,” అన్నాడు. పిల్లకి మాటిచ్చాక తప్పిన మనిషి కాదు తోక. ఈ ఒక్కసారే.

వంతెన మీద కూతురు నారింజరంగు చూసి గంట కొట్టింది. “ఏంటి నాన్నా, ఇవాళ ఇంత జోరు?” దగ్గరికొచ్చాక టోపీలోంచి టీచరమ్మ మొహం బయటపడింది.

“మా నాన్న ఏరండీ?”

“నా వెనకే ఉన్నానన్నారమ్మా.”

పిల్ల సైకిలు వెనక్కి తిప్పింది. పాతికేళ్ళలో అతన్ని వెతుక్కుంటూ వెనక్కి వెళ్ళిన మనిషి అదొక్కతే. గోడకి తల ఆనించి కూర్చున్న తండ్రి పక్కన చేరి, చల్లబడ్డ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. “లే నాన్నా, ఎక్కుదాం. మెల్లిగానే ఎక్కుదాం,” అంది. జనం వెనక్కి వచ్చేదాకా అదే మాట అంటూ ఉంది.

మర్నాడు బస్సు ఆ పిల్ల లేకుండానే వెళ్ళిపోయింది. టీచరమ్మ జాకెట్‌ని ఉతక్కుండా, మడతపెట్టి తెచ్చింది. సైకిళ్ళ కొట్టు గోడకి దాని మేకుకే తగిలించి వెళ్ళిపోయింది. కూతురు వచ్చి, ఆ గుడ్డలో కాసేపు మొహం దాచుకుని, లోపలి జేబులో చెయ్యి పెట్టింది. ఒక్కటీ చింపని మాత్రల అట్ట చేతికొచ్చింది, దానికి అంటుకుపోయి, వానకి కరిగిన రెండు పిప్పరమెంట్లు.