ఓర్చుకున్నంత వేడి

పక్షవాతం వచ్చినవాళ్లకు మళ్లీ పనులు నేర్పించడం నా ఉద్యోగం. గుండీ పెట్టుకోవడం, చెంచా పట్టుకోవడం, తలుపు గడియ తియ్యడం. వాటితోపాటు ధ్యానం, నూనె మర్దన, వేణ్నీళ్లు కూడా చేర్చమని పెద్ద డాక్టరుగారు చెప్పినప్పుడు మొహం చిట్లించాను. ఇక మంత్రాలొక్కటే తక్కువ అని పక్కవాళ్లతో వేళాకోళమాడాను.

తీరా చూస్తే, పక్షవాతంతో నా దగ్గరికొచ్చిన ఒక దర్జీగారి విషయంలో నా నోరు మూతపడింది. మూడు నెలలుగా ఆయన కుడిచెయ్యి పిడికిలి బిగుసుకుపోయి ఉంది. కత్తెర పట్టగలిగితే దుకాణం ఉంటుంది, లేకపోతే మూసెయ్యాల్సిందే. తొట్టిలో గోరువెచ్చని నీళ్లు పోసి, చెయ్యి ముంచి, నెమ్మదిగా ఊపిరి పీల్చి వదలమన్నాను. పది నిమిషాల్లో వేళ్లు విచ్చుకున్నాయి. ఆయన భార్య ఏడ్చేసింది. నేనూ ఎగిరి గంతేసినంత పని చేశాను.

"ఇంట్లో కూడా రోజూ చేయించండమ్మా. నీళ్లు ఓర్చుకున్నంత వేడిగా ఉండాలి" అని చెప్పి పంపాను.

సోమవారం ఆయన నవ్వుతూ వచ్చారు. చేతికి తువ్వాలు చుట్టి ఉంది.

"చూడండమ్మా, వేళ్లన్నీ ఎలా సాగుతున్నాయో! ఇంకో వారంలో కత్తెర పట్టేస్తా" అంటూ తువ్వాలు తీశారు.

అరచేతి నుంచి మణికట్టు దాకా నీటిపొక్కులు. రెండుచోట్ల పొక్కులు చితికి తోలు ఊడి వేలాడుతోంది. ఆయన మాత్రం గర్వంగా వేళ్లు ఆడించి చూపిస్తున్నారు.

"అంత మరిగే నీళ్లలో ఎలా పెట్టించారండీ?" అని ఆయన భార్య మీద అరిచేశాను.

"నేనైతే వేలు కూడా పెట్టలేకపోయానండీ. ఆయనేమో వేడి చాల్లేదు, ఇంకా పొయ్యమన్నారు. ఓర్చుకున్నంత అని మీరే అన్నారు కదా!"

ఆవిడ గొంతులో నింద లేదు. తిట్టినా బాగుండేది.

నర్సును కేకేసి డాక్టరుగారికి కబురు పంపాను. చర్మానికి స్పర్శ ఉందో లేదో మొదటి రోజే పరీక్షించాలి. వేళ్లు కదిలించాలన్న తొందరలో నేను ఆ పరీక్ష చెయ్యనేలేదు.

నర్సు వచ్చేలోపు ఆయన్ని కళ్లు మూసుకోమన్నాను. కాలని చోట, మోచేతి కింద, గుండుసూది మొన ఆనించి నొక్కాను. చర్మం సొట్టపడింది.

"తెలిస్తే చెప్పండి" అన్నాను.

ఆయన బుద్ధిగా కళ్లు మూసుకుని ఎదురుచూశారు. నేను ఇంకాస్త నొక్కాను.

"చెప్తానమ్మా, మీరు మొదలుపెట్టండి" అన్నారు.