జెఫ్రీ చెమట

తుప్పు పట్టిన స్క్రూ మీద కిరోసిన్ చుక్క వేసి, అది లోపలికి దిగేదాకా షాలేమ్ టీ తాగాడు. కార్ఖానా ఏరియా మెయిన్ రోడ్డులో మొబైల్ షాపు వెనక గది అతనిది. గిటార్లు, కీబోర్డులు, చర్చి మైకులు బాగుచేసి బతుకుతున్నాడు. కొంచెం పొట్ట, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు. నలుగురిలో నిలబెడితే ఎవరి కంటా పడడు.

బల్ల మీద ఎర్ర ఎలక్ట్రిక్ గిటారు ఉంది. ఉదయం హదస్సా తెచ్చింది.

"అన్న ఆస్పత్రిలనే ఉన్నడు, షాలేమన్నా. గిటార్ కొత్తగ చేయించి తెమ్మన్నడు. తుప్పు పట్టినవన్నీ మార్చు, సాయంత్రం వస్త."

అన్నంటే జెఫ్రీ, హదస్సా సొంత అన్న. తిరుమలగిరిలో జెఫ్రీ వాయించని చర్చి లేదు. ఈ గిటారు మాత్రం ఒకప్పుడు షాలేమ్‌ది. సెకండ్‌హ్యాండ్‌లో కొని, దుప్పటిలో చుట్టి, బీరువా మీద దాచుకునేవాడు. తలుపేసుకుని వాయిస్తే వేళ్లు పరుగెత్తేవి. జనం ఎదుట కూచుంటే కొయ్యబారేవి. ఒక క్రిస్మస్ ఆరాధనలో పాట మధ్యలోనే ఆగిపోయాడు. పక్కనున్న జెఫ్రీ గిటారు అందుకుని, ఏమీ జరగనట్టే పాట పూర్తిచేశాడు. ఆ వారమే షాలేమ్ దాన్ని అతనికి అమ్మేశాడు. "నాకెందుకురా, నువ్వే ఉంచుకో" అని నవ్వాడు కూడా. ఇంట్లో భార్య కాంతమణి అడిగితే, మోజు తీరిందన్నాడు.

ఇప్పుడు దాని అవతారం చూస్తే కడుపు మండింది. తీగల కింది బ్రిడ్జి, జెఫ్రీ అరచేయి ఆనీ ఆనీ, చెమటకు నల్లబడి గుల్లబారింది. సౌండు తిప్పే నాబుల మీది అంకెలు చిటికెనవేలికి అరిగిపోయాయి. తన దగ్గరున్నన్నాళ్లూ గిటారు మెరిసింది. మెరవడం తప్ప ఇంకేం చేసింది పాపం!

ఒక్కొక్కటే ఊడదీసి, కసిగా చెత్తడబ్బాలో పడేశాడు. వదులైన స్క్రూ రంధ్రాల్లో జిగురు రాసిన అగ్గిపుల్లలు దూర్చాడు. కొత్త బ్రిడ్జి, కొత్త నాబులు బిగించాడు. మధ్యాహ్నానికి గిటారులో జెఫ్రీ ఆనవాలన్నది లేకుండా పోయింది. షాలేమ్ తలుపేసుకుని, దాన్ని ఒళ్లో పెట్టుకుని వాయించాడు. వేళ్లు పరుగెత్తాయి. ఎన్నాళ్లకో అతనికి కడుపు నిండినట్టయింది.

సాయంత్రం హదస్సా వచ్చి స్టూలు మీద కూలబడింది. ఆమె కళ్లు వాచి ఉన్నాయి.

"మధ్యాహ్నం పోయిండన్నా."

హదస్సా కొత్త బ్రిడ్జి మీద వేలు పెట్టి, వెంటనే వెనక్కి తీసుకుంది.

"ఇవి వద్దన్నా. పాతవి పారేసినవా? అన్న చేయి వాటి మీదనే ఉండె."

"ఉన్నయమ్మా, ఉన్నయ్. జెర ఆగు."

ఆమెకు కనబడకుండా వీపు తిప్పి, చెత్తడబ్బాలో చేయి పెట్టాడు. టీ పొడి అంటిన ముక్కలను ఒక్కొక్కటే ఏరి, తుడిచి, కొత్తవి తీసేసి మళ్లీ బిగించాడు. పోయినవాడి మీద అసూయేమిటని తనను తానే తిట్టుకున్నాడు. అయినా అది పోలేదు. తను పోయాక తన చేతి తుప్పు కావాలని ఎవరైనా అడగడానికి, తను అంతగా అరగదీసిన వస్తువు ఇంట్లో ఒక్కటీ లేదు.

హదస్సా గిటారును గుండెకు ఆనించుకుని ఆటో ఎక్కింది.

బల్ల మీద కొత్త బ్రిడ్జి మిగిలిపోయింది, మధ్యాహ్నం షాలేమ్ అరచేయి ఆనిన చోట చిన్న మసకతో.